కోరంగి: ఒక రేవు పేరు, దాన్ని మోసిన మనుషులు



ఈ వరుసలో ఇప్పటిదాకా మన ఊర్ల గురించి, వాడల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి సముద్రం ఒడ్డుకు పోదాం. "సుల్తానాబాద్‌ల కూసొని కోస్తా రేవు ముచ్చట నీకెందుకన్నా" అని కొందరు తమ్ముళ్లు అడుగుతారని తెలుసు. చివరిదాకా చదవండి. ఈ కథ తిరిగి తిరిగి మన రైస్ మిల్లు గేటు దగ్గరికే వస్తది.

ఆ రేవు పేరు కోరంగి. కాకినాడకు దక్షిణాన, యానానికి దగ్గర్లో, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట ఉంటుంది. ఇప్పుడు తాళ్లరేవు మండలంలో ఒక మామూలు ఊరు.

ఫోన్‌లో కోరంగి అని కొట్టి చూడండి. ముందు మడ అడవి వస్తుంది. 1978లో ప్రభుత్వం దాన్ని అభయారణ్యంగా ప్రకటించింది. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైన. నీటికుక్కలు, చేపలు పట్టి తినే నీటిపిల్లులు అక్కడ బతుకుతున్నాయి. ఆ తర్వాత ఒక తుఫాను వస్తుంది. ఇంకా వెతికితే ఒక ఓడ వస్తుంది. ఆ ఓడ పేరు మీద ఆస్ట్రేలియా పక్కన పగడాల సముద్రంలో రెండు చిన్న దిబ్బలు వస్తాయి. అడవికి ఆ పేరే, గాలివానకు ఆ పేరే, ఓడకు, దీవులకు ఆ పేరే.

ఈ వరుసలో చిట్టచివర, పాత ఇంగ్లీషు నిఘంటువుల్లో మాత్రమే దొరికే ఇంకో అర్థం ఉంది. 'కోరంగీ' అంటే తెలుగు కూలీ. రంగూన్‌లో బియ్యం బస్తా మోసినోడు, రిక్షా లాగినోడు, పాయిఖానా ఎత్తినోడు కోరంగీ. అడవికి బోర్డు ఉంది, దీవులకు పటంలో చోటు ఉంది. ఈ మనిషికి ఏముంది? ఈ వారం వ్యాసం దాని గురించే.

*

రేవు పేరు ఇట్లా రకరకాల వాటికి అంటుకోవడం ఒక్క మన దగ్గరే జరగలేదు. ఇటలీ దేశం దక్షిణాన తారంతో అనే పాత రేవు పట్నం ఉంది. టరాంటులా అనే సాలీడు పేరు విన్నారు కదా, సినిమాల్లో భయపెట్టే వెంట్రుకల సాలీడు. ఆ పేరు ఈ ఊరిదే. అసలు టరాంటులా ఆ చుట్టుపక్కల పొలాల్లో తిరిగే వేరే సాలీడు. తర్వాత అమెరికాలో కనబడ్డ పెద్ద సాలీళ్లకు కూడా అదే పేరు తగిలించారు. టరాంటెల్లా అనే నాట్యం ఉంది. దాని పేరూ ఈ ఊరి నుంచే వచ్చింది.

ఈ పేర్ల కింద ఎవరున్నారో చూడండి. ఆ ప్రాంతంలో శతాబ్దాల పాటు ఒక నమ్మకం నడిచింది. పంట కోసేటప్పుడు సాలీడు కుడితే మనిషి కుప్పకూలుతాడు, డప్పు వాయిస్తే లేచి రోజుల తరబడి ఆడుతాడు, ఆడితేనే విషం దిగుతుంది. ఎక్కువగా ఇట్లా పడిపోయింది పొలాల్లో పనిచేసే పేద ఆడవాళ్లు. 1959లో ఎర్నెస్తో దె మార్తినో అనే పరిశోధకుడు ఆ ఊర్లకు పోయి వాళ్లను చూశాడు, వాళ్ల మాట విన్నాడు, 1961లో పుస్తకం రాశాడు. ఇది సాలీడు విషం మాత్రమే కాదు, చెప్పుకోవడానికి చోటు లేని బాధ అట్లా బయటకొస్తుంది అన్నది ఆయన తేల్చిన విషయం. మన ఊర్లలో పూనకం చూసినోళ్లకు ఇది విడమరిచి చెప్పే పని లేదు.

ఇంకో సంగతి. ఆ తారంతో ఊరు ఎట్లా పుట్టిందో గ్రీకులు ఒక కథ చెప్పుకున్నారు. స్పార్టాలో పెండ్లికాని తల్లులకు పుట్టిన కొడుకులకు పౌరహక్కులు ఇవ్వలేదు. వాళ్లు తిరగబడబోతే ఓడ ఎక్కించి సముద్రం అవతలికి పంపించారు. క్రీస్తుపూర్వం 706లో వాళ్లు కట్టుకున్న ఊరే అది. పుట్టుక పేరు చెప్పి హక్కులు గుంజుకోవడం, ఎదురు తిరిగితే ఓడ ఎక్కించడం. రెండు వేల ఏడు వందల ఏండ్ల కిందటి కథ. మనకు కొత్తగా అనిపిస్తుందా?

సాలీడు పేరు లోకమంతా తెలుసు. నాట్యం పేరు సంగీతకారులు తమ రచనలకు పెట్టుకున్నారు. పొలంలో పడిపోయిన ఆడమనిషి పేరు మాత్రం నిలబడలేదు. కోరంగికీ ఇదే జరిగింది.

*

ఇప్పుడు కోరంగికి పోదాం.

పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో గోదావరి మూతి దగ్గర డచ్చివాళ్లు, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు వ్యాపారం కోసం కొట్లాడుకున్నారు. డచ్చివాళ్ల తర్వాత 1759లో ఇంగ్లీషువాళ్లు కోరంగిలో పాతుకున్నారు. అప్పట్లో తూర్పు తీరంలో కలకత్తాకూ ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడను ఒడ్డుకెక్కించి బాగుచేసే వీలున్న చోటు ఇదొక్కటే అని పేరుండేది. ఓడలు ఇక్కడే కట్టేవాళ్లు కూడా.

ఓడ కట్టడం అంటే ఏంది? దుంగలు నరకాలి, నదిలో తేల్చి తేవాలి, కోయాలి, మేకులు కొట్టాలి, పలకల సందుల్లో నార కూరి గుగ్గిలం పూయాలి. బురదలో నడుంలోతు నిలబడి లాగాలి. ఓడ యజమాని పేరు రికార్డులో ఉంటుంది, కెప్టెన్ పేరు ఉంటుంది. బురదలో నిలబడ్డవాళ్లు అందరూ కలిపి 'కూలీలు'.

1789 డిసెంబర్‌లో ఉప్పెన వచ్చింది. మూడు పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి ఊరి మీద పడ్డాయని చెప్తారు. 1839 నవంబర్ 25న మళ్లీ వచ్చింది, ఇంకా పెద్దది. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ అనే ఇంగ్లీషు అధికారి ఈ సముద్రపు తుఫాన్ల సమాచారం అంతా పోగుచేశాడు. గాలి పాములాగ చుట్ట చుట్టుకొని తిరుగుతుందని గమనించి 'సైక్లోన్' అనే మాట పుట్టించాడు. 1848లో నావికుల కోసం వేసిన పుస్తకంలో ఆ మాట వాడాడు, కోరంగి ఉప్పెన గురించీ రాశాడు. ఇవాళ టీవీలో వాతావరణశాఖ సైక్లోన్ అన్నప్పుడల్లా ఆ మాట వెనక కోరంగి కూడా ఉంది.

చచ్చిపోయింది ఎంతమంది? 1789కి ఇరవై వేలు అంటారు. 1839కి మూడు లక్షలు అంటారు. ఇంటర్నెట్‌లో ప్రతి జాబితాలో ఈ అంకె తిరుగుతూనే ఉంటుంది. ఒక్క రేవు దగ్గర మూడు లక్షలా అని అనుమానపడ్డ చరిత్రకారులు ఉన్నారు. నేను చూసేది ఇంకో వైపు నుంచి. ఇరవై వేలు, మూడు లక్షలు అని గుండుసున్నలతో చెప్పే అంకె ఎప్పుడు వస్తుంది? ఎవరూ లెక్కబెట్టనప్పుడు వస్తుంది. మునిగిన సరుకుకు బీమా ఉంటుంది, అందుకని దానికి లెక్క ఉంటుంది. పల్లెకారు గుడిసెలో, మాలపల్లెలో, మాదిగ గూడెంలో కొట్టుకుపోయిన మనిషికి సున్నలే మిగులుతాయి.

ఉప్పెనల తర్వాత మట్టి మేటవేసి రేవు పూడుకుపోయింది. వ్యాపారం కాకినాడకు తరలింది. ఊరు చిన్నదైపోయింది. దాని పేరు మాత్రం అప్పటికే ఓడ ఎక్కి పోయింది.

*

బ్రిటిష్ వాళ్లు 1833లో బానిసత్వాన్ని రద్దుచేస్తూ చట్టం చేశారు. 1835 ఫిబ్రవరి 1న మారిషస్‌లో అది అమల్లోకి వచ్చింది. చెరకు తోటల దొరలకు చేతులు కావాలి. బానిసల జాగాలో ఒప్పంద కూలీలను తెచ్చుకున్నారు. బీహార్ నుంచి, తమిళనాడు నుంచి, మన తెలుగు తీరం నుంచి. కోరంగి రేవులో ఓడెక్కి వచ్చారు కాబట్టి అక్కడ తెలుగువాళ్లను కోరంగీలు అన్నారు. 'కోరంగా ప్యాకెట్' అనే ఓడలో తమ ముత్తాతలు వచ్చారని మారిషస్ తెలుగువాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

అదే పేరున్న ఓడ 1845లో ఆస్ట్రేలియా తూర్పున పగడాల సముద్రంలో దిబ్బకు కొట్టుకొని పగిలిపోయింది. ఆ దిబ్బలకు ఓడ పేరే పెట్టారు. 1982లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆ చోటును ప్రకృతి రక్షిత ప్రాంతం చేసింది. సముద్రపు పక్షులు, తాబేళ్లు అక్కడ గుడ్లు పెడతాయి. గోదావరి మూతిలో ఉన్న ఊరి పేరు అట్లా మనిషే లేని దీవికి పోయి స్థిరపడింది.

మనుషుల మీద పడ్డ పేరు మాత్రం రంగూన్‌లో ముద్రగా మారింది.

బర్మాలో బ్రిటిష్ వాళ్లు వరిసాగు పెంచారు. ఇరావతి డెల్టా ధాన్యం అంతా రంగూన్ మిల్లులకు వచ్చేది, అక్కడ బియ్యమై ఓడెక్కేది. కోత అయ్యాక మిల్లులు తిరిగే నెలల్లో వేలమంది హమాలీలు కావాలి. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి తెలుగువాళ్లు పోయారు. అప్పటికి కోరంగి రేవు పూడిపోయింది. కాకినాడలో ఎక్కినా, విశాఖలో ఎక్కినా, దిగినాక పేరు కోరంగీయే.

1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు పది లక్షల పైచిలుకు. రంగూన్ పట్నంలో సగానికి పైగా జనం భారతీయులే. అందులో రేవు పని, మిల్లు పని, రిక్షా లాగడం, పాకీ పని ఎక్కువగా తెలుగువాళ్ల చేతుల్లో ఉండేది.

పని ఎట్లా దొరికేది? మేస్త్రీ ద్వారా. మేస్త్రీ ఊరికొచ్చి అడ్వాన్స్ ఇస్తాడు, ఓడ టికెట్ కొంటాడు. అవతలికి చేరేసరికి మనిషి అప్పులో ఉంటాడు. కూలి కంపెనీ నుంచి నేరుగా చేతికి రాదు. పెద్ద మేస్త్రీ, చిన్న మేస్త్రీ, గ్యాంగ్ మేస్త్రీ, ఒక్కొక్కరు కొంత కోసుకున్నాక మిగిలింది వస్తుంది. పడుకునేది ఒక గదిలో పదుల మంది. కొన్నిచోట్ల రాత్రి పనివాళ్లు, పగలు పనివాళ్లు ఒకే చాపను వంతులవారీగా వాడుకునేవాళ్లు.

ఇంత కష్టమైతే ఎందుకు పోయారు? మన పిల్లలు ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి. సముద్రం దాటితే కులం పోతుందని పెద్దకులాల శాస్త్రం. పోతే పోనీ అనుకునే కులం మనది. వెట్టిలో, పాలేరుతనంలో, అంటరానితనంలో ఉన్న మాల మాదిగలకు ఊరు ఇచ్చింది ఏముంది, పోగొట్టుకోవడానికి? రంగూన్‌లో బస్తా ఎత్తితే పైసలొస్తాయి. దొర గడపలో ఎత్తితే గింజలు కూడా దయే. రంగూన్ పైసలతో తుండు భూమి కొనుక్కున్నవాళ్లు, పెంకుటిల్లు కట్టుకున్నవాళ్లు, పిల్లల్ని బడికి పంపినవాళ్లు గోదావరి జిల్లాల దళితవాడల్లో ఉన్నారు. వలసను ఒక్క కన్నీటి కథగానే చెప్పేవాళ్లు ఈ సగం మర్చిపోతారు. ఊరు విడవడం కూడా ఒక తిరుగుబాటే.

అయితే ఊరు పెట్టిన పేరు పోయింది అనుకునేలోపు రేవు పెట్టిన పేరు వచ్చి మీద పడింది. మాల, మాదిగ, కాపు, వెలమ, పల్లెకారు, తేడా లేదు, అందరూ కోరంగీలే. కులం కనబడకుండా పోయిందని సంతోషపడాలా? లేదు. బర్రెల మందకు వేసినట్టు ఒకటే ముద్ర వేశారు. మేస్త్రీ పుస్తకంలో మనుషులు ఉండరు, ఇంతమంది కోరంగీలు అని ఉంటుంది. పాకీ పనికి పోయేది ఎవరో ఆ ముద్ర కింద కూడా కులమే తేల్చింది.

*

1930 మే నెల చెప్తాను. ఈ తారీఖు గుర్తు పెట్టుకోండి.

రంగూన్ రేవులో సరుకు ఎక్కించి దించే తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మెకు దిగారు. ఓడ పనుల కంపెనీలు దొరలవి. వాళ్లు సమ్మె విరగ్గొట్టడానికి బర్మా కూలీలను తెచ్చి పనిలో పెట్టారు. కొన్ని రోజులకు కంపెనీలు తెలుగు కూలీలతో రాజీ చేసుకున్నాయి. మే 26 పొద్దున వీళ్లు పనికి వచ్చారు. బర్మా కూలీలకు మాత్రం మీకిక పని లేదని ఎవరూ ముందు చెప్పలేదు. వాళ్లూ వచ్చి నిలబడ్డారు. రేవు గేటు దగ్గర మాటామాటా పెరిగింది, కొట్లాటయ్యింది. సాయంత్రానికి పట్నమంతా అంటుకుంది. కోరంగీ కనబడితే కొట్టారు. రోజుల తరబడి నడిచింది. వందకు పైగా మనుషులు చచ్చిపోయారు, వందల మంది దెబ్బలు తిన్నారు. చచ్చినవాళ్లలో ఎక్కువమంది తెలుగు కూలీలు.

కంపెనీ దొరల మీద ఒక్క దెబ్బ పడలేదు. ఒక పేదోడి కూలిని ఇంకో పేదోడితో కోయించినోడు తలుపేసుకొని కూసున్నాడు. భూమి పోయి పట్నానికొచ్చిన బర్మా రైతుబిడ్డకు తన ఎదురుగ కనబడింది కోరంగీ ఒక్కడే. ఆ పేరు అంత పనికొచ్చింది. ఒక మనిషికి ఇల్లు, తల్లి, పిల్లలు ఉన్నారని తెలిస్తే కొట్టడానికి చెయ్యి వణుకుతుంది. 'కోరంగీ'ని కొట్టడానికి వణకదు.

ఇంకో మాట. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే. అంటే కాకినాడ నుంచి రంగూన్ పోయినోడు కాగితం మీద విదేశం పోలేదు. బీహార్ నుంచి తెలంగాణకు వచ్చినట్టు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోయాడు. దీన్ని కూడా గుర్తుంచుకోండి, మళ్లీ ఈ దగ్గరికి వస్తాం.

1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవు దగ్గర పనిలో ఉన్నవాళ్లు, వీధిలో నిలబడ్డవాళ్లు ఎక్కువ చచ్చారు. పైసలున్నోళ్లకు ఓడలు, విమానాలు. కూలీలు పోతే పట్నం ఆగిపోతుందని డెక్ టికెట్ల మీద ఆంక్షలు పెట్టారు. చివరికి లక్షల మంది కాలినడకన కొండలు, అడవులు దాటి అరకాన్ దిక్కు, మణిపూర్ దిక్కు, అస్సాం దిక్కు నడిచారు. దారిలో కలరా, మలేరియా, ఆకలి. పదుల వేలమంది రాలిపోయారు. ఇక్కడా గుండుసున్నలే, చూశారా?

ఉన్నవాళ్లు ఉన్నారు. 1962లో నెవిన్ సైనిక ప్రభుత్వం వచ్చింది, దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేసింది. 1964 తర్వాత మళ్లీ ఓడలెక్కి తిరిగొచ్చారు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే బస్తీ ఉంది. చూడండి, అక్కడ వాళ్లను కోరంగీలు అన్నారు. తిరిగి సొంత గడ్డ మీదికి వస్తే బర్మావాళ్లు అన్నారు.

*

తెలంగాణ మిత్రులు ఇదంతా సర్కారు జిల్లాల సంగతి అనుకోవద్దు. మనకూ ఒక కోరంగి ఉంది. దాని పేరు కామాటిపుర.

బొంబాయి కామాటిపుర అంటే సినిమాలు చూసినోళ్లకు ఒకటే అర్థం తెలుసు. ఆ బస్తీకి ఆ పేరు కామాటీల వల్ల వచ్చింది. నిజాం రాజ్యం నుంచి బొంబాయి పోయి రాళ్లు మోసి, సున్నం కలిపి, రోడ్లు, మేడలు కట్టిన తెలుగు కూలీలను అక్కడ కామాటీలు అన్నారు. వాళ్లు ఉన్న చోటు కామాటిపుర అయ్యింది. బొంబాయి కట్టినోళ్ల పేరు ఇవాళ ఇంకో అర్థంలో వెటకారపు మాట అయ్యింది. ఆ తర్వాత 'పాలమూరు లేబర్' అనే మాట వచ్చింది. ప్రాజెక్టు ఎక్కడ కడితే అక్కడ, డ్యాం ఎక్కడ ఉంటే అక్కడ, ఒక జిల్లా పేరే కూలీకి ఇంకో పేరు అయ్యింది.

మా ఊరి పేరుకూ ఒక ముచ్చట ఉంది. ఇరాన్‌లో ఇప్పుడు అరాక్ అనే పట్నం ఉంది, దాని పాత పేరు సుల్తానాబాద్. పందొమ్మిదో శతాబ్దం చివర మాంచెస్టర్ కంపెనీ ఒకటి అక్కడ తివాచీలు నేయించి యూరప్‌లో అమ్మింది. పాత సుల్తానాబాద్ తివాచీ అంటే ఇప్పటికీ వేలంపాటల్లో పెద్ద ధర. ముడులు వేసిన ఆడవాళ్ల, ఆడపిల్లల పేరు ఆ తివాచీ మీద లేదు. కంపెనీ పేరుంది, ఊరి పేరుంది.

ఇప్పుడు మన విషయం. పేరు ఎవరు పెట్టాలి అనే కొట్లాట దళిత ఉద్యమానికి మొదటి కొట్లాట. 1917 నవంబర్‌లో బెజవాడలో సభ పెట్టినప్పుడు దాన్ని పంచమ మహాసభ అని పిలిచారు. అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ హైదరాబాద్ బిడ్డ. ఐదోవాళ్లం అనడానికి మనల్ని ఎవరు లెక్కబెట్టారు, మనం ఈ గడ్డకు మొదటివాళ్లం అన్నాడు. ఆ సభ ఆది ఆంధ్ర మహాసభ అయ్యింది. ఇరవై ఏండ్ల తర్వాత, 1938 జనవరిలో బొంబాయి శాసనసభలో మన కులాలకు చట్టంలో 'హరిజన' అనే మాట పెట్టబోతే బాబాసాహెబ్ అంబేడ్కర్ తన పార్టీ సభ్యులతో సహా బయటికి నడిచాడు. మమ్మల్ని ఏమని పిలవాలో మేం చెప్తాం అన్నదే ఆ నడక.

ఒక దిక్కు ఇదంతా నడుస్తుంటే ఇంకో దిక్కు రంగూన్ రేవులో మనవాళ్లను ముద్ర వేసి పిలుస్తున్నారు. ఆ రెండూ ఒకే కాలం. సభలో పేరు మార్చుకున్నంత సులువుగా మేస్త్రీ పుస్తకంలో మారదు. రెండో కొట్లాట ఇంకా మిగిలే ఉంది.

*

సుల్తానాబాద్ చుట్టూ రైస్ మిల్లులు ఎన్ని ఉన్నాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కరలేదు. పోయిన యాసంగి వడ్లు వచ్చినప్పుడు నేను ఒక మిల్లుకు పోయిన. లారీ మీది నుంచి బస్తాలు దిగుతున్నాయి. మోసే పిల్లలు ఇరవై ఏండ్లు కూడా లేనట్టున్నారు. గుమస్తాను అడిగిన.

"ఎంతమంది ఉన్నరు తమ్మీ?"

"బీహారోళ్లు పద్నాలుగు మంది అన్నా."

"పేర్లు?"

"పేర్లెందుకన్నా, వాళ్ల మేస్త్రీకి తెలుసు."

రిజిస్టర్ తీసి చూపించిండు. తారీఖు, బస్తాల లెక్క, 'బీహార్ – 14'. అంతే.

ఆ గుమస్తా చెడ్డోడు కాదు. వాళ్లన్న గల్ఫ్‌లో ఉన్నాడు. అక్కడ వాళ్లన్నను కంపెనీ క్యాంపులో ఏ పేరుతో పిలుస్తున్నారో ఈయనకు తెలుసు. అయినా రిజిస్టర్‌లో ఆ గడి అట్లనే ఉంది.

రంగూన్ మిల్లుకు కోరంగీ ఎట్లనో, సుల్తానాబాద్ మిల్లుకు బీహారోడు అట్ల. సరుకు అదే, వడ్లు. సీజన్ అదే, కోత అయ్యాక. అడ్వాన్స్ అదే, మేస్త్రీ అదే. 2020 మే నెలలో లాక్‌డౌన్ నడుమ, దేశమంతా కూలీలు రోడ్ల వెంట ఇండ్లకు నడుస్తుంటే, మన రైస్ మిల్లుల కోసం బీహార్ నుంచి ప్రత్యేక రైలులో హమాలీలను తెప్పించారు. వాళ్లు లేకుంటే తెలంగాణ వడ్లు బియ్యం కావు. అంత అవసరమైన మనిషికి రిజిస్టర్‌లో పేరు రాయడానికి మాత్రం సిరా లేదు.

చట్టం లేక కాదు. ఒడిశాలో దాదన్ అనే అడ్వాన్స్ పద్ధతిలో కూలీలను తోలుకపోవడం మీద గొడవ జరిగి, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం కాంట్రాక్టర్‌కు లైసెన్స్ ఉండాల్సి ఉండేది. ప్రతి కార్మికుడికి ఫోటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాల్సి ఉండేది. అందులో పని ఏంది, కూలి ఎంత, ఎన్ని రోజులు, అడ్వాన్స్ ఎంత అని రాయాల్సి ఉండేది. 2020లో ఆ చట్టాన్ని కొత్త లేబర్ కోడ్‌లో కలిపేశారు. నలభై ఏండ్లు చట్టం ఉన్నా ఆ పాస్‌బుక్ మీలో ఎంతమంది కండ్లారా చూశారు?

కొందరు మన పిల్లలే అంటున్నారు, బీహారోళ్లు వచ్చి మన హమాలీ కూలి పడగొట్టిండ్రు అని. 1930 మే 26 మళ్లీ చదవండి. అక్కడ మన తాతలు కోరంగీలు. బర్మా పిల్లగాడు కూడా ఇదే మాట అన్నాడు. కూలి పడగొట్టేది మేస్త్రీ పుస్తకం, దాని వెనక ఉన్న యజమాని. ఇద్దరు హమాలీలు ఒకరి పేరు ఒకరికి తెలుసుకొని, ఒకే రేటు అడిగిన రోజు ఆ పుస్తకం పనిచెయ్యదు. హమాలీ సంఘంలో స్థానికుడికి ఎంత చోటుందో బీహార్ నుంచి వచ్చినోడికీ అంతే చోటుండాలి. వాళ్లలో ఎక్కువమంది ఏ కులాల పిల్లలో అడిగి చూడండి. మన వాడ పిల్లలే, భాష ఒక్కటే వేరు.

చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక పని చెప్తున్న. వచ్చే సీజన్‌కు మీ ఊరి మిల్లుకు, ఇటుక బట్టీకి పొండి. ఒక నోట్‌బుక్ తీసుకపొండి. పేరు, తల్లి పేరు, ఊరు, ఎవరు తోలుకొచ్చిండు, అడ్వాన్స్ ఎంత, రోజుకు ఎన్ని బస్తాలు, ఎంత చేతికొస్తది అని ఆ మనిషి చెప్పినట్టు రాయండి. ఒప్పుకుంటేనే రాయండి. ఆ నోట్‌బుక్ యజమాని చేతిలో పడకుండా సంఘం దగ్గర పెట్టండి. అట్లనే మీ ఇంట్లో గల్ఫ్ పోయొచ్చిన నాయన దగ్గర, బొంబాయి పోయొచ్చిన తాత దగ్గర కూసొని, వాళ్లను అక్కడ ఏమని పిలిచేవాళ్లో అడగండి.

కోరంగి మడ అడవిలో నీటిపిల్లులు ఎన్నున్నాయో లెక్క తీస్తున్నారు. మంచిదే, తియ్యాలి. రంగూన్ మిల్లులో బస్తా మోసిన కోరంగీ పేరు అడగడానికి ఇప్పుడు ఆలస్యమైపోయింది. సుల్తానాబాద్ మిల్లులో బస్తా మోస్తున్న పిల్లగాడి పేరు అడగడానికి ఇంకా టైం ఉంది.

జై భీమ్.